నిద్రపోయిన జడ్జి గారి షేర్వాణీ

కిందటి వారం భాగంలో సర్వత్ బేగం మా సాబ్ బంగళా గేటు ముందు ఆటో దిగి, చేతిలో గుడ్డమూటతో నిలబడింది. అక్కడే ఆపేశాను. మూటలో ఏముందో చెప్పకుండా ఆపినందుకు మీలో కొందరు నన్ను తిట్టుకునే ఉంటారు. ఆ తిట్లు కాస్త దాచుకోండి, ఈ వారం వాటితో ఇంకా పని ఉంది.

ఇవాళే కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. నా పేరు నజాకత్. లాహోర్‌లో జస్టిస్ ముబష్షిర్ లంగ్రియాల్ గారి దగ్గర ఇరవై రెండేళ్లుగా సెక్రటరీని. ఆయన చెప్పింది రాసుకోవడం, టైపు కొట్టడం, కళ్లద్దాలు ఎక్కడ పెట్టి మరిచిపోయారో వెతికివ్వడం నా పని. పదిహేడేళ్ల కిందట దేశాన్ని ఏలుతున్న జనరల్ రాజ్యాంగాన్ని పక్కన పెట్టి, జడ్జీలు గవర్నర్ బంగళాకు వచ్చి తన ఉత్తర్వు కింద మళ్లీ ప్రమాణం చెయ్యాలన్నాడు. చాలామంది వెళ్లారు. వెళ్లనివాళ్లలో జనం నోట్లో మిగిలింది మా సాబ్ పేరే. "తోటి జడ్జీలు జనరల్ మాటకు తలలూపుతుంటే లంగ్రియాల్ ఇంట్లో హాయిగా నిద్రపోయాడు" అని మర్నాడు పేపర్లన్నీ రాశాయి. పక్కనే ఫొటో. తెల్ల కమీజు, భుజాన తువ్వాలు, తడి మొహం, వరండా మెట్ల మీద సాబ్. ఆ ఫొటో ఇవాళ్టికీ లాయర్ల గదిలో గోడకుంది.

రెండేళ్లకు లాయర్లు వీధుల్లో లాఠీ దెబ్బలు తిని, ఆ జడ్జీలను మళ్లీ కుర్చీల్లో కూర్చోబెట్టారు. సాబ్ కారు మీద చల్లిన గులాబీ రేకులు ఊడవడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయనకు పగ్గం లేకపోయింది. ఉల్లిపాయల ధర పెరిగిందని టీవీలో చూసి తనంతట తానే కేసు తెరిచారు. ఒక ఆస్పత్రి పెద్ద డాక్టర్‌ని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కోర్టులో నిలబెట్టి, ఆఖరికి వాయిదా వేసి పంపారు. అల్లుడి కంపెనీ కేసు తనే విన్నారు. ఆయన మీద మూడు ఫిర్యాదులు వెళ్లాయి. "నిద్రపోయిన జడ్జి మీదా ఫిర్యాదు!" అని నలుగురూ చీదరించుకోవడంతో మూడూ వీగిపోయాయి. ఆ గొడవలన్నీ వెనకటి వారాల్లో రాశాను.

కథ ఆగిన చోటికి, రేపే ఆయన పదవీ విరమణ. కోర్టులోని జడ్జీలందరూ ఒకే వరసలో కూర్చుని ఆయన్ని పొగుడుతారు, చివర్లో ఆయన లేచి మాట్లాడతారు. ఆ ఉపన్యాసం టైపు చేసి పెట్టాను. మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. "ఆ ఉదయం నేను నిద్రపోయాను, నా అంతరాత్మ మాత్రం మేలుకునే ఉంది." చప్పట్లు అక్కడ పడతాయని సాబ్ పెన్సిల్‌తో గీత పెట్టుకున్నారు. ఆ వాక్యం కట్టి ఇచ్చింది నేనే.

ఇక సర్వత్ బేగం. ఆవిడ జస్టిస్ తౌకీర్ వట్టూ గారి భార్య. వట్టూ సాబ్, మా సాబ్ ప్రాణస్నేహితులు, ఒకే రోజున జడ్జీలయ్యారు. జనరల్ పిలిచినప్పుడు వట్టూ సాబ్ కూడా వెళ్లలేదు. ఆయన ఫొటో ఎవరూ తియ్యలేదు. సాయంత్రం కాలేజీలో లా పాఠాలు చెప్పుకుంటూ, కిడ్నీలు పాడై, జడ్జీలు తిరిగి కుర్చీ ఎక్కడానికి ఐదు నెలల ముందు కన్నుమూశారు. ఆవిడ సమనాబాద్‌లో మేడ మీద రెండు గదుల్లో ఉంటోంది. ఈ పదిహేనేళ్లలో మేం ఆ మేడ ఎక్కింది రెండుసార్లు.

ఆవిడ లోపలికి రాగానే సాబ్ లేచి నిలబడ్డారు.

"భాభీ! ఒక్క కబురు పెడితే కారు పంపేవాణ్ణి కదా."

"కారెందుకు భాయీ? ఈ బంగళాకని చెప్పగానే ఆటోవాడు సీటు తుడిచి మరీ ఎక్కించుకున్నాడు. నిద్రపోయిన జడ్జి గారింటికా అమ్మా, ఆయనకి ఒకసారి నా సలాం చెప్పండి అన్నాడు." ఆవిడ నవ్వి నా వైపు తిరిగింది. "నజాకత్ మియా, నువ్వేంటి ఇలా తెల్లబడిపోయావు? మీ నాన్నేమో అనుకున్నా."

"సాబ్ తీర్పులు టైపు కొట్టీ కొట్టీ ఇలా అయ్యాను, బేగం సాహిబా."

"అవి చదివినవాళ్లకే జుట్టు ఊడిందట, నీకు రంగు మారడంతో సరిపోయింది, సంతోషించు."

సాబ్ కూడా నవ్వారు. టీ వచ్చింది, నాన్‌ఖటాయి బిస్కెట్లు వచ్చాయి. ఆవిడ ఒకటి టీలో ముంచుకుని తిని, చేతులు తుడుచుకుని, మూట ఒళ్లోకి తీసుకుని ముడి విప్పింది. తెల్ల గుడ్డలోంచి నల్ల షేర్వాణీ బయటికొచ్చింది. దాని మడతల్లోంచి ఎండిన వేపాకు రాలింది.

"గుర్తుపట్టారా? అనార్కలీ బజారు దర్జీ దగ్గర మీరిద్దరూ ఒకే తానులోంచి కుట్టించుకున్నారు. జడ్జీలయిన రోజున వేసుకున్నారు ఆయన. రెండోసారి ప్రమాణానికి వేసుకు రమ్మన్నారు, వేసుకోలేదు. అప్పట్నించీ నా పెట్టెలోనే ఉంది. మొన్న ఎండలో వేసి ఇస్త్రీ చేశాను." ఆవిడ దాని భుజాలు పట్టుకుని ఎత్తి చూపించింది. "రేపు మీరు దీన్ని వేసుకోవాలి భాయీ."

సాబ్ కప్పు సాసర్ మీద పెట్టేశారు.

"నాకు కొత్తది కుట్టించారు భాభీ."

"కొత్తదాని సంగతి నాకెందుకు? ఒక్క పూట. ఇద్దరూ కలిసి కాదన్నారు. మీ పేరు నిలబడింది, ఆయన పేరు మరుగున పడింది. అల్లా మీద ఒట్టు, మీ మీద నాకు ఇసుమంత కోపం లేదు. ఆయనకైతే పేరు పిచ్చి అసలే లేదు. నాకుంది. రేపు అంతమంది చప్పట్లు కొడుతుంటే ఆ గుడ్డ మీద కూడా నాలుగు పడనివ్వండి."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. ఆవిడ మొహం చూడాలంటే సిగ్గేసింది.

ఎందుకు సిగ్గేసిందో ఇప్పుడు చెప్పాలి. చెప్పాలంటే ముందు మీకు క్షమాపణ చెప్పుకోవాలి. మూడో వారంలో సాబ్ ఆ ఉదయం ఎలా నిద్రపోయారో ముచ్చటగా రాశాను. దుప్పటి రంగు కూడా రాశాను. అది చదివి కళ్లు చెమర్చాయని ఫైసలాబాద్ నుంచి ఒకావిడ ఉత్తరం కూడా రాసింది. అంతా అబద్ధం. పదిహేడేళ్లు లోకానికి చెప్పిన అబద్ధమే మీకూ చెప్పాను. నోటికి అలవాటైపోయి కలం కూడా అటే పోయింది.

జరిగింది ఇది. ముందురోజు సాయంత్రం నమాజు అయ్యాక సాబ్ వట్టూ గారింటికి వెళ్లారు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని, రేపు వెళ్లేది లేదని మాట ఇచ్చుకున్నారు. నేను గుమ్మంలోనే ఉన్నాను. పిలవాల్సిన జడ్జీలకు ఆ సాయంత్రమే ఫోన్లు వచ్చాయి. వట్టూ గారికి వచ్చింది. రాను అని చెప్పి పెట్టేశారు. మా సాబ్‌కి రాలేదు. ఫోను రాలేదంటే జనరల్ జాబితాలో పేరు లేదని, కుర్చీ పోయినట్టేనని అర్థం. ఆ సంగతి కోర్టు బంట్రోతుకి కూడా తెలుసు. కానీ ఆ రోజు నాలుగు చినుకులు పడ్డాయి. మా వీధిలో నాలుగు చినుకులు పడితే ఫోన్లు మూగబోయేవి. సాబ్ రిసీవర్ ఎత్తి చూస్తే చప్పుడు లేదు.

తెల్లారి నన్ను పిలిపించారు. అప్పటికే షేర్వాణీ వేసుకుని ఉన్నారు.

"ఫోను చచ్చింది నజాకత్. వాళ్లు చేసే ఉంటారు, మనకే అందలేదు. పిలిచినా వెళ్లకపోతే ఒక లెక్క. పిలుపే అందక వెళ్లకపోతే అది నిర్లక్ష్యం కిందికొస్తుంది కదా?"

ఆ తర్కానికి ఏ లా కాలేజీలోనూ పాస్ మార్కులు రావు. నేను మాత్రం "అవును సాబ్" అన్నాను. నా కొడుకు అప్పుడే కోర్టు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడు.

గవర్నర్ బంగళా గేటు దగ్గర ఒక కుర్ర కెప్టెన్ కాగితం పట్టుకుని ఉన్నాడు. "సర్, మీ పేరు లేదు" అన్నాడు. మళ్లీ చూడమన్నారు సాబ్. నేను కారు దిగి, వాడి పక్కన నిలబడి, ఎల్ దగ్గర చూడండి, ఎమ్ దగ్గర చూడండి అంటూ కాగితం మీద వేలు నడిపించాను. "మీకు ఫోను వచ్చిందా సర్?" అని అడిగాడు. "మా ఫోను పని చెయ్యడం లేదు" అన్నారు సాబ్. వాడు నవ్వు ఆపుకున్నాడు. పక్కన ఆగమని, లోపల కనుక్కొస్తానని వెళ్లాడు. గోడ వారగా ముప్పై అయిదు నిమిషాలు నిలబడ్డాం. జడ్జీల కార్లు ఒక్కొక్కటే మమ్మల్ని దాటి లోపలికి వెళ్లాయి. ఒకాయన చెయ్యి ఎత్తబోయి, మేం బయట ఎందుకున్నామో అర్థమై, ఆ చెయ్యి జుట్టు సర్దుకోవడానికి వాడుకున్నాడు. చివరికి కెప్టెన్ వచ్చి, "సర్, పొరపాటేమీ లేదట" అన్నాడు.

అవమానం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. అసలు సిగ్గు పడాల్సింది మేం అక్కడికి వెళ్లినందుకు. ఆ గోడ పక్కన నేను సిగ్గు పడింది మమ్మల్ని లోపలికి రానివ్వనందుకు. అది తలుచుకుంటే ఇవాళ్టికీ అన్నం సహించదు.

తిరిగొస్తుంటే మా వీధి మొదట్లో లాయర్లు, పేపర్లవాళ్లు కనబడ్డారు. ప్రమాణం చేసినవాళ్లలో లంగ్రియాల్ లేడని వాళ్లకు అప్పటికే తెలిసింది. సాబ్ ఆగమనలేదు, దిగలేదు. "నజాకత్, విప్పు" అన్నారు. తొమ్మిది గుండీలు. కదిలే కారులో నేనే విప్పాను. షేర్వాణీ ఉండచుట్టి నా సీటు కింద తోశాను. కారు పక్క సందులోకి తిప్పించి, వెనక గేటు నుంచి ఇంట్లోకి వెళ్లాం. ఆయన మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని ముందు వరండాలోకి వచ్చారు. ఫొటో తీశారు. ఎన్ని ప్రశ్నలు వేసినా పెదవి విప్పలేదు. ఆ మౌనాన్ని కూడా పేపర్లు పొగిడాయి. నిద్ర మాట ఆయన అనలేదు, నేనూ అనలేదు. అది ఎవరు పుట్టించారో మాకు తెలియదు. దొరికింది కదా అని వాడుకున్నాం. నెల తిరక్కుండా నా కొడుక్కి ఒక లాయరు గారి ఆఫీసులో పని దొరికింది, నిద్రపోయిన జడ్జి గారి సెక్రటరీ కొడుకని. నా వాటా నాకు ముట్టింది.

మళ్లీ గదిలోకి రండి. సర్వత్ బేగం షేర్వాణీ పట్టుకుని నిలబడే ఉంది.

"ఒక్కసారి తొడుక్కుని చూపించండి భాయీ. బిగుతైతే ఇప్పుడే కుట్లు విప్పుతాను, సూదీ దారం కూడా తెచ్చుకున్నా."

సాబ్ నన్ను చూశారు. నేను నేల చూశాను. కాదనడానికి ఆయనకు ఒక్క కారణం దొరకలేదు. రోజుకు పాతిక పిటిషన్లు కొట్టేసే మనిషి, లేచి రెండు చేతులూ వెనక్కి పెట్టారు. ఆవిడ తొడిగింది. అచ్చు ఆయనకే కుట్టినట్టు సరిపోయింది.

"నజాకత్ మియా, గుండీలు పెట్టు. నా వేళ్లు వంగడం లేదు."

మెడ దగ్గర మొదటి గుండీ పెట్టాను. ఆవిడ కాస్త వెనక్కి జరిగి, తల పక్కకి వాల్చి చూస్తూ మాట్లాడుతూనే ఉంది.

"ఆ రోజు ఆయనకి మీ మీదే బెంగ. రాత్రంతా అటూ ఇటూ తిరిగి, ఏడున్నరకి లేచి, ముబష్షిర్ ఒక్కడే ఉంటాడు, ఇద్దరం కలిసి టీ తాగితే ధైర్యంగా ఉంటుంది అని నడుచుకుంటూ మీ ఇంటికే వచ్చారు."

రెండో గుండీ దగ్గర నా చెయ్యి ఆగింది. మేం ఏడింటికే బయల్దేరాం.

"ఎవరు వచ్చారు?" అన్నారు సాబ్.

"మా ఆయనే. మీకు తెలీదా? ఫర్హానా చెప్పలేదూ?"

ఫర్హానా బేగం మా సాబ్ భార్య. ఆవిడ పోయి నాలుగేళ్లు. చెప్పలేదు. పదమూడేళ్లు ఒకే కప్పు కింద ఉండి, రోజూ ఆ ఫొటో చూస్తూ, ఒక్క మాట అనలేదు.

"ఫర్హానాయే టీ పోసిందట," సర్వత్ బేగం చెబుతోంది. "ఇంటికొచ్చి నాతో అన్నారు, ముబష్షిర్ ఇంకా లేవలేదు, పడుకోనీ, లేపొద్దన్నాను అని. ఆ మధ్యాహ్నం పేపరువాళ్లు మా ఇంటికి కూడా వచ్చారు. లంగ్రియాల్ గారు పొద్దున ఎక్కడున్నారో మీకేమైనా తెలుసా అనడిగారు. నిద్రపోతున్నాడు, నేను కళ్లారా చూసొచ్చాను అని చెప్పారు. మర్నాడు అదే అచ్చయింది. చూశావా సర్వత్, నా మాటే వేశారు అని నవ్వారు కూడా."

మూడో గుండీ. నాలుగో గుండీ. ఆ టీ తాగుతూ వట్టూ సాబ్ ఎటు చూశారో నాకు తెలుసు. ఎదురుగా సాబ్ పడగ్గదిలో బట్టల బీరువా తలుపు తీసే ఉంది, ఖాళీ హ్యాంగర్ వేలాడుతోంది. నేనే అలా వదిలేశాను. ఆయనకు అంతా తెలిసింది. తెలిసీ, స్నేహితుడి పరువు కాపాడటానికి తన పేరు మీద ఆ అబద్ధం ఆడారు. ఇద్దరిలో కాదన్నది తనొక్కడేనన్న సంగతి పెళ్లానికి కూడా చెప్పకుండా పోయారు. మేం ఆ అబద్ధం మీద పదిహేనేళ్లు కుర్చీ వేసుకుని కూర్చున్నాం.

ఎదురుగా అద్దంలో వట్టూ గారి షేర్వాణీ కనబడుతోంది. సాబ్ దాన్ని చూడకుండా గోడ గడియారం వైపు చూస్తున్నారు.

ఐదో గుండీ పెట్టాను. ఆవిడ దగ్గరికొచ్చి, సాబ్ భుజం మీద వేపాకు పొడి దులిపింది.

"ఒక్కటి అడగనా భాయీ? పోయే రెండు రోజుల ముందు ఆయన నా చెయ్యి పట్టుకుని ఒక మాట తీసుకున్నారు. ఆ పొద్దుట గురించి ముబష్షిర్‌ని ఎప్పుడూ ఏమీ అడక్కు అని. ఎందుకండీ అంటే, అడక్కు, అంతే అన్నారు. ఈ పదిహేనేళ్లూ అడగలేదు. మీ ఫొటో చూసినప్పుడల్లా అడగాలనిపించేది. అడగలేదు. రేపు ఆయన బట్ట మీ ఒంటి మీద ఉంటుంది కాబట్టి ఇవాళ అడుగుతున్నాను." ఆవిడ గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను. "మీరు ఆ పొద్దున నిజంగా నిద్రపోయారా?"

సాబ్ నోరు తెరిచారు. దగ్గారు. మళ్లీ నోరు తెరిచారు.

ఆవిడ కాసేపు చూసి, నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు నజాకత్ మియా. నువ్వు ఉన్నావు కదా ఆ రోజు."

ఆరో గుండీ నా వేళ్ల మధ్య ఉంది. సాబ్ చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది. చల్లగా ఉంది. గట్టిగా పట్టుకున్నారు. నా కొడుకు ఇప్పుడు అదే కోర్టులో, సాబ్ వేయించిన ఉద్యోగంలో ఉన్నాడు. వచ్చే నెల వాడికి ప్రమోషన్ రావాలి. అవును బేగం సాహిబా, దుప్పటి కప్పుకుని పడుకున్నారు, నేనే లేపాను అని చెప్పడం నాకు చిటికెలో పని. వందసార్లు చెప్పాను. మీకు కూడా చెప్పాను.

"నిద్రపోలేదు, బేగం సాహిబా," అన్నాను.

ఎక్కడికి వెళ్లారని ఆవిడ అడగలేదు. ఏడవలేదు కూడా. టేబుల్ మీది తెల్ల గుడ్డ తీసుకుని, రెండు చేతుల్లో పరిచి పట్టుకుంది.

"అయితే ఆ గుండీలు విప్పు మియా," అంది.

ఈ చేతులతో ఆ మనిషి షేర్వాణీ రెండోసారి విప్పాల్సి వచ్చింది. మెడ దగ్గరికి చెయ్యి చాపాను. సాబ్ ఒక అడుగు వెనక్కి వేశారు. రెండు చేతులతో షేర్వాణీ ముందు భాగం దగ్గరికి లాక్కుని బిగించి పట్టుకున్నారు.

"వద్దు భాభీ. రేపు నేను మాట్లాడేదాకా దీన్ని నా ఒంటి మీద ఉండనివ్వండి. తర్వాత మీరు ఏం చేసినా సరే."

"ఏం మాట్లాడతారు?" అంది ఆవిడ.

ఆయన నా వైపు చెయ్యి చాపారు.

"నజాకత్, ఉపన్యాసంలో మూడో పేజీ ఇలా ఇవ్వు. పెన్సిల్ కూడా."

ఫైల్లోంచి పేజీ తీసి ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, నేను రాసిచ్చిన వాక్యం మీద పెన్సిల్ ఆనించారు. కొట్టేస్తారో, మరో గీత పెట్టుకుంటారో ఆయన మొహం చూస్తే నాకు తెలియలేదు. సర్వత్ బేగం గుడ్డ అలాగే పట్టుకుని నిలబడి ఉంది.